ఒకటిన్నర గదిలో జినెత్

ఆ శనివారం నా తలుపులోంచి ముందు ఒక చక్రం వచ్చింది. తర్వాత హ్యాండిలు వచ్చింది. చిట్టచివర, చలికి ఎర్రబడ్డ ఒక ముక్కు వచ్చింది. ముక్కు వెనక ఉన్న అమ్మాయి తల తుడుచుకోకుండానే వీధిలోకి వచ్చినట్టుంది, జుట్టు కొసలు గడ్డకట్టి, తల తిప్పినప్పుడల్లా టిక్కుటిక్కుమంటున్నాయి.

“తలుపు తీసి ఉంటే వచ్చేశాను, ఏమీ అనుకోకండి,” అంది.

“తీసి లేదు. మీరే తోశారు.”

“తోయగానే తెరుచుకుందంటే తీసి ఉన్నట్టే కదండీ.”

బయట ఆ ఏడాది మొదటి మంచు పడుతోంది. మాంట్రియల్‌లో నవంబరు మంచుని చూసి మురిసిపోయేది చిన్నపిల్లలే. మిగిలినవాళ్లకి అది పనులు గుర్తు చేస్తుంది. కారుకి చలికాలపు టైర్లు వేయించాలి, పారలు వెతకాలి, సైకిళ్లు లోపల పెట్టుకోవాలి. ఆ మూడో పనే ఇప్పుడు నా గుమ్మంలో నిలబడి ఉంది.

“నేను మూడో అంతస్తు. కొరాలీ అంటారు. ఇది జినెత్,” అంది సైకిలు సీటు మీద చెయ్యేసి.

మా దగ్గర జినెత్ అని పేరున్న ఆడవాళ్లంతా డెబ్బై దాటినవాళ్లే. ఆ సైకిలుకి ఆ పేరు సరిగ్గా సరిపోయింది. పాచి రంగు ఒళ్లు, వెడల్పాటి సీటు, ముందు అల్లిక బుట్ట. ఎవరైనా ఎక్కితే విసుక్కునేలా ఉంది.

“సంతోషం. జినెత్‌ని మా ఇంట్లోకి ఎందుకు తెచ్చారు?”

“మదాం బెలాంజే బాల్కనీలో ఏమీ ఉండకూడదంది. నిప్పంటుకుంటే మేం దిగడానికి దారి ఉండాలట. సాయంత్రంలోగా తీయకపోతే తనే కిందికి తోసేస్తానంది. ఆవిడ తోసేస్తుంది, మీకు తెలుసుగా.”

తెలుసు. మదాం బెలాంజే మా ఇంటి ఓనరు. నా నెత్తి మీది అంతస్తులో ఉంటుంది. డెబ్బై నాలుగేళ్లొచ్చినా మెట్ల మీది మంచు తనే తవ్వుకుంటుంది, ఇంకెవరైనా తవ్వితే సరిగ్గా తవ్వలేదని మళ్లీ తవ్వుతుంది.

“మీ ఇంట్లో పెట్టుకోవచ్చుగా,” అన్నాను.

“మా ఇంట్లో మా అక్క, మా బావ, ఇద్దరు కవలలు, ఆ కవలల బండి. ఆ బండి వచ్చాక నడవాలో నేనే పక్కకి తిరిగి నడుస్తున్నాను.”

“అయితే వీధిలో స్తంభానికి కట్టేయండి.”

“మంచు తోసే ట్రాక్టరు వచ్చే వీధిలో మీరు కట్టేస్తారా మీ సైకిలుని?”

“నాకు సైకిలు లేదు.”

“చూశారా, అందుకే మీ ఇంట్లో చోటుంది,” అని చక్రాన్ని ఇంకో అడుగు లోపలికి తోసింది.

చోటు సంగతి చెప్పాలి. నాది ఒకటిన్నర గది ఇల్లు. ఇక్కడ ఇళ్లని గదుల లెక్కన అద్దెకిస్తారు, స్నానాలగదిని సగమని లెక్కేస్తారు. మిగిలిన ఆ ఒక్క గదిలోనే నా మంచం, పొయ్యి, ఫ్రిజ్, పని చేసుకునే బల్ల. ఇల్లు సగం నేలలోకి ఉంటుంది కాబట్టి కిటికీలోంచి జనం మొహాలు కనబడవు, బూట్లు కనబడతాయి. ఇల్లు ఇరకటం, ఆలి మర్కటం అన్న సామెతలో నాకు మొదటి సగమే దక్కింది.

కొరాలీ చేతులు బార చాపి మంచానికీ ఫ్రిజ్‌కీ మధ్య కొలిచింది. తర్వాత జినెత్‌ని కొలిచింది. తర్వాత హ్యాండిలు పక్కకి తిప్పి, చక్రాల కింద అట్టముక్కలు పరిచి, సైకిలుని గోడకి ఆనించి నిలబెట్టింది. నేను ఫ్రిజ్ తలుపు తీసి చూశాను. జానెడు తెరుచుకుని బుట్టకి కొట్టుకుని ఆగిపోయింది.

“పాలడబ్బా పడుతుందిగా,” అంది.

“పాలు తాగి బతకమంటారా?”

“క్యారెట్లు పడతాయి. సన్నగా ఉండేవన్నీ పడతాయి.”

“ఎన్నాళ్లు ఇలాగ?”

“మంచు కరిగేదాకా.”

“అంటే ఏప్రిల్.”

“మార్చిలో కరిగితే మార్చిలోనే తీసుకుపోతాను.”

“ఎప్పుడైనా కరిగిందా మార్చిలో?”

“లేదు,” అని ఒప్పుకుంది.

కుదరదని చెప్పాల్సింది. చెప్పడానికి నోరు తెరిచాను కూడా. కానీ ఆ వారంలో నేను పైకి పలికిన మొదటి మాటలు ‘తీసి లేదు, మీరే తోశారు’ అన్నవే. నేను సోఫాలమ్మే ఒక కంపెనీలో పని చేస్తాను. కొన్నవాళ్లు రాసే ఫిర్యాదులకి కంప్యూటర్లో జవాబులు రాయడం నా పని. ఏ ఫిర్యాదుకైనా నాలుగు గంటల్లో జవాబు వెళ్లాలి. ఏడాదిన్నర కిందట ఆ ఉద్యోగానికే రిముస్కీ నుంచి ఈ ఊరు వచ్చాను. వచ్చిన మూడో నెల్లో కంపెనీ ఆఫీసు మూసేసి, ఎవరింట్లో వాళ్లని పని చేసుకోమంది. అప్పటినుంచి రోజుకి వందమందికి ‘మీ అసౌకర్యానికి మన్నించండి’ అని రాస్తున్నాను, ఒక్కరితోనూ మాట్లాడటం లేదు.

“అసలు నా ఇల్లే ఎందుకు తట్టింది మీకు?” అని అడిగాను.

“నేను ఆ మూల ఈతకొలనులో పిల్లలకి ఈత నేర్పుతాను. రోజూ మీ కిటికీ ముందు నుంచే వెళ్తాను. మీరు తెర వేసుకోరు. పొయ్యి దగ్గర నిలబడి గిన్నెలోంచే తినేస్తారు. నిలబడి తినేవాళ్ల ఇంట్లో కుర్చీకి పట్టే చోటు మిగిలిపోతుంది కదా అనుకున్నాను.”

ఎగతాళికి అన్న మాట కాదు, లెక్క చెప్పినట్టు చెప్పింది. నాకు మాత్రం ఎక్కడో కలుక్కుమంది.

“సరే, ఉండనివ్వండి,” అన్నాను.

“థాంక్సండీ. ఇంకో సంగతి, చక్రాలు నెలల తరబడి ఒకేచోట నిలబడితే టైరు అడుగున అణిగిపోతుంది. నేను ఆదివారం ఆదివారం వచ్చి తిప్పి, గాలి కొట్టి వెళ్తాను. పది నిమిషాలు చాలు.”

* * *

మొదటి ఆదివారం నిజంగానే పది నిమిషాలు ఉంది. రెండో ఆదివారం నేను బఠానీ సూపు చేస్తుండగా వచ్చి, ఉప్పు తక్కువైందని చెప్పి, ఉప్పు వేసి, గిన్నెడు తాగి వెళ్లింది. మూడో ఆదివారానికి ఇద్దరం ‘మీరు’ వదిలేసి ‘నువ్వు’లోకి దిగిపోయాం. ఇంట్లో ఒకటే కుర్చీ. అందులో తను కూర్చుంటే నేను మంచం మీద, మా మధ్యలో జినెత్. బుట్ట మీద పళ్లెం పెట్టుకుని తినేవాళ్లం.

“నీ సోఫావాళ్లలో ఈ వారం ఎవరు ఏడ్చారు?” అని అడిగేది.

“ఒకావిడ సోఫా గుమ్మంలో ఇరుక్కుపోయిందట. మూడు రోజులుగా కిటికీలోంచి ఎక్కి దిగుతోందట.”

“నువ్వేం రాశావు?”

“అసౌకర్యానికి మన్నించమని రాశాను.”

“అయ్యో. కిటికీ ఎత్తు ఎంతో అడగాలి కదా. కింద ఒక పీట వేసుకోమనాలి కదా.”

ఆమె నవ్వుతుంటే గది కాస్త పెద్దదైనట్టుండేది. తను వెళ్లాక మళ్లీ మామూలు కొలతకి వచ్చేది. సోమవారం నుంచి శనివారం దాకా ఉన్న ఆరు రోజుల సంగతి ఎవరికీ చెప్పుకునేది కాదు. డిసెంబరులో సాయంత్రం నాలుగున్నరకే చీకటి. కిటికీ సగం దాకా మంచు పేరుకుపోయి, పోయేవాళ్ల బూట్లు కూడా కనబడటం మానేశాయి. నేను జినెత్‌తో మాట్లాడటం మొదలుపెట్టాను. ‘కాస్త తప్పుకో జినెత్, పాలు తీసుకోవాలి.’ ‘ఇవాళ మైనస్ ఇరవై ఏడట జినెత్, నువ్వే నయం.’ క్రిస్మస్‌కి కొరాలీ అక్కతో కలిసి జోలియెట్ వెళ్లిపోతే, సైకిలుకి రంగుదీపాల తీగ చుట్టి, కొట్లో కొన్న మాంసం కూరిన రొట్టె వేడి చేసుకుని, దాని ఎదురుగా కూర్చుని తిన్నాను. రిముస్కీ నుంచి అన్న గాయెతాన్ ఫోన్ చేసి ఎవరితో పండగ చేసుకుంటున్నావంటే, ‘పైవాళ్ల జినెత్‌తో’ అన్నాను. పెద్దావిడని ఒంటరిగా వదలకుండా మంచిపని చేశావని మెచ్చుకున్నాడు. నాకు నిజం చెప్పడానికి సిగ్గేసింది.

ఆ తర్వాత నేనొక వెధవపని చేశాను. టైర్లలో గాలి ఎక్కువగా ఉంటే తను తొందరగా వెళ్లిపోతోంది. గాలి తక్కువగా ఉంటే కొట్టడానికి ఎక్కువసేపు పడుతుంది. అంచేత శనివారం శనివారం వాల్వు నొక్కి కాస్త గాలి తీసేసేవాణ్ణి. కాస్త కాస్తగా మొదలుపెట్టి, జనవరి ఆఖరికి మొత్తం తీసేసే దాకా వచ్చాను.

“ఈ వెనక చక్రానికి ఏదో రోగం వచ్చింది,” అంది ఒక ఆదివారం. “ఇలా కాదు, నీళ్ల తొట్టి నింపు.”

ట్యూబు ఊడదీసి, నా స్నానాల తొట్టిలో ముంచి, చుట్టూ నొక్కుకుంటూ వచ్చింది. కన్నముంటే బుడగలు రావాలి. నేను గుమ్మంలో నిలబడి ఎక్కడైనా ఒక్క బుడగ రావాలని కోరుకున్నాను. ఒక్కటీ రాలేదు. ఆమె రెండోసారి చుట్టూ తిప్పింది. ఆ తర్వాత తలెత్తి నా మొహం చూసింది. నా చెవులు కాలిపోయాయి.

“కన్నం లేదు, లుడో,” అంది.

“లేనట్టుంది.”

“మరి గాలి ఎలా పోతోందంటావు?”

“చలికి... చలికి పోతుందేమో.”

“ఇంట్లో చలా?”

నేను తువ్వాలు అందించాను. తను చేతులు తుడుచుకుని, ట్యూబు ఎక్కించి, మళ్లీ గాలి కొట్టింది. చాలా నిదానంగా కొట్టింది. వెళ్లేముందు గుమ్మంలో ఆగి, “వచ్చే ఆదివారం గాలి ఉంటుందా?” అని అడిగింది.

“చెప్పలేను,” అన్నాను.

“నేను కూడా చెప్పలేను,” అని, ఎందుకో నవ్వుకుంటూ మెట్లెక్కింది.

* * *

ఫిబ్రవరి ఇరవై నాలుగు ఆదివారం పొద్దున మదాం బెలాంజే ఒక కాగితం పట్టుకుని దిగింది.

“అందినట్టు సంతకం పెట్టు నాయనా. లీజు నోటీసు. జూలై నుంచి ఇంకో ఏడాది. ఉంటానంటే ఏమీ రాయక్కర్లేదు. పోతానంటే మాత్రం నెలలోగా కాగితం మీద రాసివ్వాలి.”

మౌనం అర్ధాంగీకారం అంటారు. మా దగ్గర లీజుల విషయంలో సగం కాదు, పూర్తి అంగీకారమే. నోటీసు అందాక నెల రోజులు నోరెత్తకపోతే ఇల్లు ఇంకో ఏడాది నీదే. ఈ ఊళ్లో పుట్టిన పసివాడికి కూడా తెలిసిన సంగతి.

“ఆ సైకిలు ఇంకా ఇక్కడే ఉందే,” అంది మదాం లోపలికి తొంగిచూసి.

“ఏప్రిల్‌లో పోతుందండీ.”

“పోనీ. నీకూ కాస్త ఊపిరాడుతుంది.”

ఆవిడ వెళ్లాక ఆ మాటే పట్టుకుని కూర్చున్నాను. ఏప్రిల్‌లో జినెత్ పోతుంది. దానితోపాటు ఆదివారం కూడా పోతుంది. గోరుచుట్టు మీద రోకటిపోటన్నట్టు అప్పుడే గాయెతాన్ ఫోన్ వచ్చింది.

“నా కొట్లో మనిషి కావాలిరా లుడో. మేకులు, పెయింటు, పారలు. జనంతో మాట్లాడే పని. పైన గది కూడా ఉంది, రెండు కిటికీలు. నువ్వు ఆ కన్నంలో ఎవరికోసం ఉంటున్నట్టు?”

ఎవరికోసమో నాకు తెలుసు. ఆ ఎవరికి తెలుసో లేదో తెలీదు. నెల రోజులు గడువుంది. ఉండటమా, పోవడమా అన్నది నేను తేల్చుకునేది కాదని, మూడో అంతస్తులో తేలాలని ఆ ఉదయం నాకు స్పష్టంగా అర్థమైంది.

ఎదురుగా చెప్పే ధైర్యం లేదు. మదాం నోటీసు బల్ల మీద కనబడుతోంది. దాన్ని చూస్తూ ఒక కాగితం రాశాను. ఆరు చించాక ఏడోది ఇలా వచ్చింది:

‘లీజు కొనసాగింపు నోటీసు. అద్దెకున్నవారు: జినెత్. ఇల్లుగలవారు: లుడోవిక్. జినెత్ నివాసం ఏప్రిల్ తర్వాత కూడా ఇదే చిరునామాలో కొనసాగుతుంది, ఒక మార్పుతో. జినెత్ యజమానురాలు ఇకపై ఆదివారాలే కాక ఏ రోజైనా, టైర్లలో గాలి ఉన్నా లేకపోయినా రావచ్చు. ఇల్లుగలవారికి ఆమె అంటే చాలా ఇష్టం. గాలి తీస్తున్నది ఆయనే. ఈ నోటీసు అందిన నెల రోజుల్లో జవాబు రాకపోతే పై మార్పుకి ఒప్పుకున్నట్టే.’

తను నవ్వితే నేనూ నవ్వేసి సరదాకి రాశాననవచ్చు. అంత పిరికివాణ్ణి నేను. ఆ రోజు తను వెళ్లబోతుంటే కవరు చేతిలో పెట్టాను.

“ఏంటిది?”

“పైకెళ్లాక చదువు.”

“టైమెంతైంది?” అని తనే గోడ గడియారం చూసుకుంది. “ఐదు. అక్క చంపేస్తుంది,” అని పరిగెత్తింది.

* * *

ఆ సాయంత్రమే నవ్వుకుంటూనో, మొహం మాడ్చుకునో దిగివస్తుందనుకున్నాను. రాలేదు. సోమవారం రాలేదు. బుధవారం, మంచు కాస్త దిగిన నా కిటికీ ముందు ఆవపిండి రంగు బూట్లు, తనవి, వచ్చి ఆగాయి. నేను లేచి నిలబడ్డాను. అవి కాసేపు అటూ ఇటూ తచ్చాడి, వెళ్లిపోయాయి.

ఆదివారం నాలుగింటికి సూపు పొయ్యి మీద పెట్టాను. ఐదింటికి దింపాను. తను రాలేదు. చక్రాలు నేనే తిప్పి, గాలి నేనే కొట్టాను. గాలి నిండుగానే ఉంది, నేను తీయడం మానేశాను కదా. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే అదే.

జవాబు రాకపోతే ఒప్పుకున్నట్టే అని రాసింది నేనే. కానీ ఆ మాట కాగితం మీద బాగుంటుంది. ఆ గదిలో ఒక్కణ్ణే కూర్చుని రోజూ పైనుంచి వచ్చే అడుగుల చప్పుడు వింటుంటే, మౌనం ఎటు వింటే అటే మోగుతుంది. మొదటి వారం అంగీకారంలా వినబడింది. రెండో వారం జాలిలా వినబడింది. మూడో వారానికి ఇక వినడానికేమీ మిగలలేదు.

ఆ మూడో వారంలోనే మూల కొట్లో ఎదురుపడ్డాం. నేను గుడ్లు తీసుకుంటున్నాను. తను డైపర్ల కట్టలున్న బుట్ట పట్టుకుని మలుపు తిరిగింది. నన్ను చూసింది. నోరు తెరిచింది. అంతలోనే అరచేత్తో నోరు గట్టిగా మూసుకుని, బుట్ట అక్కడే పడేసి, కొట్లోంచి బయటికి పరిగెత్తింది. కొట్టువాడు నావైపు చూసిన చూపు ఇంకా గుర్తుంది.

నా మొహం చూస్తేనే పారిపోయేంత తప్పు చేశానన్నమాట. ఇంటికొచ్చి ఆ గుడ్లు ఫ్రిజ్‌లో పెట్టబోతే తలుపు జానెడే తెరుచుకుంది. పెట్టె పట్టలేదు. నేల మీద కూర్చుని ఏడ్చాను. ఎవరూ వినరు కాబట్టి గట్టిగానే ఏడ్చాను.

గాయెతాన్‌కి వస్తున్నానని చెప్పేశాను. మదాం బెలాంజేకి ఇవ్వాల్సిన కాగితం రాసి, కవర్లో పెట్టి, గడువు చివరిరోజు దాకా బల్ల మీద ఉంచాను. ఎందుకు ఉంచానంటే, ఆశ చావదు కాబట్టి.

* * *

మార్చి ఇరవై నాలుగు, ఆదివారం. ఇనప మెట్ల మీది మంచు కరిగి చుక్కలు చుక్కలుగా కారుతోంది. సూపు చేయలేదు. నాలుగున్నర దాటాక కవరు తీసుకుని, పైకెక్కి, మదాం తలుపు తట్టాను.

“ఏంటి నాయనా?” అంది ఆవిడ చేతులు తుడుచుకుంటూ.

“మీకు ఇవ్వాల్సిన కాగితం. నేను జూలైలో...”

పైనుంచి ఇనప మెట్లు ధనధనమన్నాయి. మెలికలు తిరిగిన ఆ మెట్ల మీద అలా పరిగెత్తేవాళ్లని నేనెప్పుడూ చూడలేదు. చెప్పులు కూడా లేకుండా, మేజోళ్లతో కొరాలీ మా ఇద్దరి మధ్యకి దూకి, కవరు నా చేతిలోంచి లాగేసుకుంది.

“అది నాదమ్మా,” అంది మదాం.

కొరాలీ అడ్డంగా తలూపింది. పెదాలు బిగబట్టి ఉంది. తన మణికట్టు మీద వేలితో కొట్టి, ఐదు వేళ్లూ చాపి చూపించింది.

“ఐదేంటి? ఐదు నిమిషాలా? ఐదు నెలలా?” అని మదాం నావైపు తిరిగింది. “దీని నోటికేమైంది? పన్ను పీకించుకుందా?”

“తెలీదండీ. నాతో మాట్లాడటం మానేసి నెలైంది,” అన్నాను. “కొరాలీ, నీకు ఇబ్బందైతే జినెత్‌ని ఇప్పుడే పైకి మోసుకొచ్చి ఇస్తాను. నేను ఊరొదిలి వెళ్లిపోతున్నాను. నువ్విక కొట్లలోంచి పారిపోనక్కర్లేదు.”

ఆమె కళ్లలో గబుక్కున నీళ్లు తిరిగాయి. ఏదో అనబోయి, మళ్లీ నోరు మూసేసుకుంది. కవరుని తడి మెట్టు మీద పడేసి, దాని మీద కూర్చుంది. నా చొక్కా చెయ్యి పట్టుకుని కిందికి లాగి, నన్నూ పక్కన కూర్చోబెట్టింది. చెయ్యి వదల్లేదు.

అలా కూర్చున్నాం. మదాం ఒకసారి లోపలికెళ్లి, కోటు వేసుకుని, కుర్చీ తెచ్చుకుని గుమ్మంలో వేసుకుంది. వస్తూ వస్తూ కొరాలీ కాళ్ల మీద ఒక పాత కంబళి పడేసింది. నాకు మొదట ఏమీ అర్థం కాలేదు. తను నిమిషానికోసారి ఫోన్‌లో టైము చూసుకుంటోంది. నాలుగూ నలభై ఎనిమిది. నాలుగూ యాభై రెండు. యాభై ఐదయ్యేసరికి, నెల కిందట నా నోటీసు కవరు తన చేతిలో పెట్టినప్పుడు గోడ మీద టైమెంతో గుర్తొచ్చింది.

చర్చి గంటలు ఐదు కొట్టాయి. ఐదో గంట ఆగేదాకా ఆగింది.

“అయిపోయింది,” అంది. నెల రోజుల తర్వాత విన్న ఆ గొంతు బొంగురుగా ఉంది. “నెల అయిపోయింది. ఇక నువ్వు మార్చడానికి వీల్లేదు.”

“ఏం మార్చడానికి?”

“నోటీసు. జవాబు రాకపోతే ఒప్పుకున్నట్టే అన్నావు. నేను జవాబు ఇవ్వలేదు. ఒక్క ముక్క మాట్లాడలేదు. మదాం, మీరు సాక్ష్యం.”

“దేనికి సాక్ష్యమో చెప్తే ఉంటాను,” అంది మదాం.

“ఒక్క మాట చెప్పి ఉండొచ్చుగా కొరాలీ,” అన్నాను. “ఒప్పుకుంటున్నానని ఒక్క మాట.”

“చెప్తే అది జవాబవుతుందిగా. నా చిన్నప్పుడు మా అమ్మ ఒక ఓనరుకి ‘ఒప్పుకుంటున్నాను, కానీ వంటగదికి రంగు వేయించండి’ అని రాసింది. ఒప్పుకోలేదని లెక్కేసి ఆ ఓనరు మమ్మల్ని ఖాళీ చేయించాడు. అప్పట్నుంచి మా ఇంట్లో నోటీసు వస్తే నెల రోజులు ఓనరుకి ఎదురుపడితే హలో కూడా అనం.”

“నేను ఓనరుని కాదు.”

“ఇల్లుగలవారు లుడోవిక్ అని నువ్వే రాసుకున్నావు.”

“సరదాకి రాశాను.”

“నాకు సరదా కాదు,” అంది. ఈసారి గొంతు తగ్గింది. “నాకు ఇంతవరకు ఎవరూ అలా రాయలేదు. పాడుచేసుకోకూడదనుకున్నాను. ఆ కొట్లో నువ్వు గుడ్లపెట్టె పట్టుకుని దిక్కులేనివాడిలా నిలబడ్డావు. ఇంకొక్క క్షణం ఉంటే ఏదో ఒకటి అనేసేదాన్ని. అందుకే పరిగెత్తాను. డైపర్లు వదిలేసి వచ్చానని అక్క రెండు రోజులు తిట్టింది. ఆదివారాలు పైన నాలుగింటికి నేలకి చెవి ఆనించి పడుకునేదాన్ని, రెండంతస్తుల కింద నువ్వు గాలి కొట్టే చప్పుడు వినబడుతుందేమోనని. అయిదుగురున్న ఇంట్లో అంత ఒంటరిగా ఎప్పుడూ లేను లుడో.”

నాకు ఆ నెలంతా కళ్ల ముందు తిరిగింది. నేను కింద, తను పైన, ఒకరి చప్పుడు కోసం ఒకరం. నా నెల వృథా పోలేదని అప్పటికి గానీ తెలియలేదు.

“నేను కాదన్నావనుకున్నాను,” అన్నాను.

“కాదనాలంటే కాగితం మీద రాయాలి. ఈ ఊళ్లో ఎవరికి తెలీదు ఆ సంగతి?”

మదాం బెలాంజే లేచి కుర్చీ మడిచింది. “ఇంతకీ ఆ కవరు నాకేనా, కాదా?”

కొరాలీ కాస్త పక్కకి జరిగి కింద ఉన్న కవరు బయటికి తీసింది. తడిసి ముద్దయిపోయింది. దాన్ని రెండు వేళ్లతో పట్టుకుని నావైపు చూసింది.

“ఇవ్వనా?”

“వద్దు,” అన్నాను.

“అయితే నాకేమీ అందలేదు,” అని మదాం లోపలికెళ్లి తలుపేసుకుంది.

మెట్ల మీద మేమిద్దరమే మిగిలాం. ఎదురింటి చూరు మీంచి మంచుగడ్డ ఒకటి జారి పడింది. కొరాలీ కంబళి సగం నా మోకాళ్ల మీదికి లాగి, మొహం నా మొహానికి బాగా దగ్గరగా తెచ్చింది. ముక్కు మళ్లీ ఎర్రబడి ఉంది.

“నిన్ను ముద్దు పెట్టుకుంటాను,” అంది. “నీకేమైనా అభ్యంతరముందా?”

నేను నోరు మెదపకుండా కూర్చున్నాను.